స్ట్రాబెర్రీ మొక్కా, ఎర్రసిరా గీతా

ఈ టపా సంక్రాంతి నాటికే వ్రాయాలనుకున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశాను. నాలుగు మొక్కల గురించి వ్రాయడానికి ఇంత తటపటాయింపు దేనికని మీకు అనిపించవచ్చు. దాని కారణం నడుమ వస్తుంది.

గాజువాకలోని మా మేడమీద ఇప్పుడు తొమ్మిది కుండీలలో స్ట్రాబెర్రీ ఉన్నది. గాజువాకలో స్ట్రాబెర్రీయా అని నవ్వదలచినవారు నిరభ్యంతరంగా నవ్వవచ్చు. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన నాడు మా పెరటి మామిడి, దాని వెనుకనున్న మునగ రెండూ ఒక్కపూటలో నేలకొరిగాయి. మామిడి మా నాన్నగారు పాతినది. దాని మొద్దును ముక్కలు కొట్టించి బండికెత్తించిన తరువాత పెరట్లో మరొక చెట్టు పెట్టడానికి మనసొప్పలేదు. ఉద్యోగ విరమణ అయ్యాక చేతులు ఊరుకోక మేడమీదికి కుండీలు చేర్చాను. మొదట తోటకూర, బచ్చలి, వంగ. ఆపైన మల్లె, కనకాంబరం. ఆ తరువాత, 2019 చలికాలంలో, ఒక నర్సరీలో ఎర్రని పండుతో సహా కనిపించిన మూడు చిన్న మొక్కలు. పండు చూచి మొక్క కొనడమంటే ముఖచిత్రం చూచి పుస్తకం కొనడమే. తెలిసీ కొన్నాను.

అవి నెల తిరగకుండా పోయాయి. ముందు ఆకుల అంచులు నిప్పు తగిలినట్లు గోధుమరంగుకు తిరిగాయి. నీరు చాలలేదేమోనని మరింత పోశాను. అంచుల నుండి ఎండు లోపలికి పాకింది. కుండీ పైభాగాన తెల్లని పొర ఒకటి కట్టింది. సున్నమనుకుని గోటితో గీకి నాలుకకు తగిలించి చూచాను. ఉప్పు! మా బోరు నీటిలో మాకు అలవాటై మరచిపోయిన ఉప్పు. కొబ్బరికి అది లెక్కలోకి రాదు, తోటకూర ఎలాగో సర్దుకుంటుంది. స్ట్రాబెర్రీ మాత్రం ఉప్పును ఏ మాత్రం ఓర్వలేని జాతి అని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. నేను దాహం తీరుస్తున్నాననుకుని రోజూ ఉప్పు పోశానన్నమాట.

అప్పటి నుండి వాన నీటిని రెండు పీపాలలో పట్టి దాచి, ఈ మొక్కలకు అదే పోస్తున్నాను. మట్టి కొంచెం పులుపు వైపు ఉండాలి. పి.హెచ్. 5.5 మొదలు 6.5 వరకు మేలు. ఇసుక పాలు ఎక్కువగా కలిపి, నీరు నిలవకుండా చూడాలి. నాటడంలో ఒక మెలకువ ఉంది. ఆకులన్నీ పుట్టుకొచ్చే పొట్టి కాండం సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. లోతుగా పాతితే కుళ్ళుతుంది, పైకి తేలితే ఎండుతుంది. చుట్టూ వరిగడ్డి పరిస్తే పండు మట్టికి తగలక శుభ్రంగా ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పండు పేరులోని గడ్డి ఇదేనని కొందరు, తీగలు నేలంతా వెదజల్లినట్లు పాకడం వల్ల ఆ మాట వచ్చిందని కొందరు. వ్యుత్పత్తి వాదాలు ఏ భాషలోనైనా ఇంతే.

2021లోను, 2022లోను మహాబలేశ్వరం వైపు నుండి మొక్కలు తెప్పించాను. ఈ పంటకు మన దేశంలో పుట్టినిల్లు వంటిది ఆ ప్రాంతం. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంచగని దగ్గర భిలార్ అని ఒక ఊరున్నది. ఊరంతా స్ట్రాబెర్రీ తోటలే. 2017 మే నెలలో దానిని పుస్తకాల ఊరుగా కూడా చేశారు. ఇళ్ళలోనే పుస్తకాల గదులు ఏర్పరచి, వచ్చినవారు కూర్చుని చదువుకునే వీలు కల్పించారు. స్ట్రాబెర్రీ తింటూ మరాఠీ పుస్తకం చదువుకోవచ్చు. మన జీడితోటల మధ్య అటువంటి తెలుగు ఊరొకటి ఎందుకుండరాదని ఆ వార్త చదివిన నాడు నాకు అసూయ కలిగిన మాట వాస్తవం.

జీడి అన్నాను కనుక ఇక్కడే చెబుతాను. పిల్లలకు ప్రకృతి, వికృతి చెప్పి అలసిన నాకు ఈ పండు ఒక వింత వికృతిగా తోచింది. మనం తినే ఎర్రని కండ శాస్త్ర రీత్యా పండే కాదట. పువ్వు కూర్చునే పీఠం ఉబ్బి అలా అవుతుంది. పైన గింజల్లా కనిపించే చుక్కలే అసలు పండ్లు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విత్తు. మన ప్రాంతం వారికి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. జీడిమామిడి చేసే పనీ ఇదే కదా! రసం కారే పండు కేవలం ఉబ్బిన కాడ, అసలు కాయ దాని అడుగున వేలాడే గింజ. స్ట్రాబెర్రీలో ఒక్కొక్క చుక్కకు పరాగం అందితేనే దాని చుట్టూ ఉన్న కండ ఉబ్బుతుంది. అందని చోట గుంటపడి పండు వంకరపోతుంది. మా మేడమీదికి తేనెటీగలు రావడం తక్కువ. మనవరాలు వదలిపెట్టి వెళ్ళిన రంగుల కుంచెతో ఒక్కొక్క పువ్వునూ ఉదయం పది గంటలకు చుట్టూ నిమురుతాను. ఎదురింటి మేడ నుండి చూచేవారు ఏమనుకుంటారో నేను విచారించలేదు.

ఇంకొక విశేషం. ఈ పెద్ద స్ట్రాబెర్రీ ఏ అడవిలోనూ పుట్టలేదు. స్పెయిన్ వారి కోటలను రహస్యంగా పరిశీలించి రమ్మని ఫ్రాన్సు ప్రభుత్వం దక్షిణ అమెరికాకు పంపిన ఇంజనీరు ఒకడు 1714లో చిలీ నుండి కొన్ని మొక్కలు తెచ్చాడు. అతని పేరు ఫ్రెజియే. ఫ్రెంచిలో స్ట్రాబెర్రీని ఫ్రేజ్ అంటారు. ఇంతటి సార్థకనామధేయుడు పురాణాలలో కూడా అరుదు. అతడు తెచ్చినవి ఆడమొక్కలు కావడంతో పూసేవి గాని కాసేవి కావు. పక్కన ఉత్తర అమెరికా నుండి వచ్చిన మరొక జాతి చేరిన తరువాతనే ఫలించాయి. రెండు ఖండాల మొక్కలు మూడవ ఖండంలో, ఎవరో పెంచుతున్న తోటల్లో కలిస్తే పుట్టిన పండు ఇది.

మళ్ళీ మా మేడమీదికి వస్తాను. మహాబలేశ్వరపు మొక్కలు రెండేళ్ళూ ఒకే తీరున ప్రవర్తించాయి. వచ్చిన కొత్తలో ఒక విడత పూసి, నాలుగైదు పండ్లిచ్చి, ఆపైన పూత మాట మరచిపోయాయి. ఆకులు మాత్రం ఏపుగా వేశాయి. ఎండలు ముదిరేసరికి నలువైపులా తీగలు సాచి, తీగ కణుపుల దగ్గర పిల్లమొక్కలు పెట్టాయి. ఎరువు తగ్గించి చూచాను, పెంచి చూచాను. లాభం లేకపోయింది.

ఈ పంట పగటి పొద్దును, రాత్రి చలిని రెండింటినీ లెక్కచూస్తుందని పుస్తకాలు చెబుతాయి. పగలు పొట్టిగా, రాత్రులు చల్లగా ఉంటే మొగ్గ కడుతుంది. పగలు పొడుగై వేడి పెరిగితే తీగ సాగుతుంది. విశాఖలో పగటి పొద్దుతో చిక్కు లేదు. చలికాలంలో పదకొండు గంటల పైచిలుకు, నడివేసవిలో సైతం పదమూడు దాటి కొద్దిగా. లేనిదల్లా చలి. జనవరిలో కూడా మా రాత్రులు సాధారణంగా 17, 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతాయి. అంటే బయటి నుండి తెచ్చిన మొక్క మొదటి విడత పూసినది మా ఆతిథ్యానికి సంతోషించి కాదు. పుట్టినచోటి చలిలో కట్టుకున్న మొగ్గలను వెంట తెచ్చుకుని ఇక్కడ విప్పింది, అంతే.

ఆ మాట చదువుతున్నప్పుడే లంబసింగి తోటల సంగతి ఒక మిత్రుడు చెప్పాడు. విశాఖకు, లంబసింగికి అక్షాంశంలో తేడా లేదనే చెప్పాలి. కనుక రెండు చోట్లా పగలు ఒకే పొడుగు. తేడా అంతా ఎత్తులో ఉన్నది. అది చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. పూర్వం విశాఖపట్టణం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా. అక్కడ స్ట్రాబెర్రీ పండుతున్నదంటే చూడాలనిపించింది. 2024 జనవరిలో అబ్బాయి సెలవు పెట్టి కారు తీశాడు. అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా వెళ్ళి, నర్సీపట్నంలో రాత్రి నిద్రచేసి, తెల్లవారుజామున ఘాటు ఎక్కాము. దారి పొడుగునా మావంటివారి కార్లే. మబ్బులు చూడడానికి చెరువులవేనం కొండ ఎక్కేవారు కొందరు, చలిమంటల దగ్గర ఫొటోలు దిగేవారు కొందరు.

నేను మాత్రం రోడ్డు దిగి ఒక పల్లపు బీడులోకి నడిచాను. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. గడ్డి తెల్లగా ఉన్నది. చెప్పు వేసిన చోట కరకరమన్నది.

నేను అక్కడే నిలబడిపోయాను. మా అబ్బాయి వచ్చి, "నాన్నగారూ, చలికి బిగుసుకుపోయారా?" అన్నాడు. ఆ ఊరి పాతపేరు కొర్రబయలు. రాత్రి బయలులో ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అక్కడివారు చెప్పే అర్థం. కాని నన్ను బిగించినది చలి కాదు.

1987లో నేను నగరంలో ఒక ఉన్నత పాఠశాలలో రెండవ గ్రేడు తెలుగు పండితుడను. భాషాప్రవీణ పట్టా, పండిత శిక్షణ రెండూ కొత్తవి. వాటి వెంట వచ్చిన అహంకారమూ కొత్తది. ఎనిమిదవ తరగతిలో హాస్టలు నుండి వచ్చే ఏజెన్సీ పిల్లవాడొకడు ఉండేవాడు. వాని ఊరు చింతపల్లికి పైన అని మాత్రం గుర్తు. ఇంట కువి భాష, బడిలో తెలుగు. చివరి బల్ల మీద కూర్చునేవాడు. పేరు నాకు బాగా జ్ఞాపకమున్నది, ఇక్కడ వ్రాయను. అర్ధసంవత్సర పరీక్షలో "మా ఊరు" అని వ్యాసం ఇచ్చాను. వాడు వ్రాసినది పది పంక్తులకు మించదు. అందులో ఒకటి, చలికాలంలో తెల్లారేసరికి మా ఊళ్ళో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటాది, నడిస్తే కాలికింద కరకరలాడతాది అని.

నేను భీమిలిలో పుట్టి సముద్రపు ఒడ్డున పెరిగినవాడిని. మంచు అంటే నాకు తెల్లవారుజామున అరటాకు మీద నిలిచే నీటిబొట్టు, లేదా సినిమాలో కాశ్మీరు. మన మాటలోనే ఉన్నది చిక్కు. ఆకు మీది బొట్టుకూ మంచే, దారి కనబడనీయని పొగకూ మంచే, హిమాలయం మీదిదీ మంచే. అమరకోశం మంచుకు ఇచ్చే పర్యాయపదాలు అప్పుడు నాకు నోటికి వచ్చును. నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అని గడగడ అప్పగించగలిగేవాడిని. వాటిలో ఒక్కటీ నా అరికాలికి తెలియదు. పదమూడేళ్ళ పిల్లవాడు తన కాలికి తెలిసినదాన్ని తన దగ్గరున్న తెలుగులో చెప్పాడు.

ఎర్రసిరాతో "పేరుకుంటాది", "కరకరలాడతాది" రెండూ దిద్దాను. అది నా ఉద్యోగం. అంతటితో ఆగలేదు. వాక్యం మొత్తం కింద గీత గీసి, మంచు కరుగునే గాని కరకరలాడదు, ఊహించి వ్రాయరాదు అని అంచున వ్రాసి రెండు మార్కులు తగ్గించాను. అక్కడా ఆగలేదు. జవాబుపత్రాలు ఇచ్చే రోజున, అసంభవాలు వ్రాస్తే ఎలా ఉంటుందో వినండని ఆ వాక్యం తరగతికి చదివి వినిపించాను. నలభైమంది నవ్వారు. పిల్లలు నవ్వితే పాఠం రక్తికట్టిందని అనుకునే వయసు నాది. వాడు నవ్వలేదు, ఏడవలేదు. "నిజమేనండి మాస్టారూ" అని ఒక్కమాట అన్నాడు. కూర్చోమన్నాను.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. హాస్టలు పిల్లలలో ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు అలా రాకుండా పోయేవారు. ఇంటి పనులు, జ్వరాలు, బెంగ, ఎన్నో కారణాలు. నా ఎర్రగీత ఒక్కటే కారణమనుకోవడం నాకు నేను కట్టబెట్టుకునే పెద్దరికం కావచ్చును. కాదనుకోవడం సౌకర్యం కావచ్చును. హాజరుపట్టీలో పేరు కొట్టివేసి ఊరుకున్నానే గాని, ఎందుకు రాలేదని నేను ఎవరినీ అడగలేదు. ఇది మాత్రం నిశ్చయంగా నా తప్పు.

ఆ మంచు ఎలా పేరుతుందో ఇప్పుడు చదివి తెలుసుకున్నాను. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి పల్లానికి జారి నిలుస్తుంది. మనిషి ఎత్తున పెట్టిన ఉష్ణమాపకం రెండు మూడు డిగ్రీలు చూపుతున్నప్పుడే నేలమట్టాన గడ్డిపోచ గడ్డకట్టే చలికి దిగిపోతుంది. గాలిలోని తేమ దాని మీద పలుకులుగా పేరుతుంది. సరిగా ఉప్పు పలుకుల్లాగానే. ఉపమాలంకారం పాఠం ఎన్నోసార్లు చెప్పిన నాకు, అంత కచ్చితమైన ఉపమానం కంటపడితే మార్కులు తగ్గించవలసినదిగా తోచింది.

పొద్దెక్కిన తరువాత తాజంగి వెళ్ళే దారిలో ఒక తోట చూచాము. ఎత్తుగా కట్టిన మడుల మీద ప్లాస్టిక్ షీటు, దానికి రంధ్రాలు చేసి నాటిన మొక్కలు, అడుగున బొట్టుబొట్టుగా నీరు. సెప్టెంబరు, అక్టోబరులలో నాటితే డిసెంబరు నుండి కోత. మొక్కలు మహాబలేశ్వరం వైపు నుండే వస్తాయి. 2023 డిసెంబరు మొదట్లో వచ్చిన మిగ్‌జాం తుపాను వానలకు తొలికోత కుళ్ళిపోయిందని తోట రైతు చెప్పాడు. యాభై ఏళ్ళ మనిషి, ఆ ఊరివాడే. కోసిన తరువాత ఈ పండు మగ్గదు, ఎర్రబడ్డాకనే కోయాలి, కోసినది మర్నాటికి మెత్తబడుతుంది. కనుక చూడవచ్చినవారే తోటలో కొనుక్కుంటే మేలు అన్నాడు. పావుకిలో డబ్బా ఒకటి కొన్నాము. మా ఆవిడ ఒకటి కొరికి, మన మేడమీది దానికంటే తియ్యగా ఉందని నా ముందే అన్నది.

నేను పండితుడనని మాటల్లో తెలిసి అతడు గొంతు తగ్గించి "మాస్టారండీ" అనడం మొదలుపెట్టాడు. అప్పుడు అడిగాను, ఫలానా పేరుగల అబ్బాయి, విశాఖ హాస్టల్లో చదివినవాడు, ఇప్పుడు మీ ఈడు ఉంటాడు, తెలుసునా అని.

"ఆ పేరోళ్ళు ఈ చుట్టుపట్ల ముగ్గురో నలుగురో ఉన్నారండి. ఇంటిపేరేటండి?"

ఇంటిపేరు నాకు తెలియదు. హాజరుపట్టీలో ఒక అక్షరం, ఒక చుక్క ఉండేవి. ఆ అక్షరం చెప్పాను. అతడు కొంచెంసేపు ఆలోచించాడు. ఒకతను కాఫీ పనికి వెళ్తాడని, ఒకతను పోయి పదేళ్ళయిందని, ఇంకొకతను గూడెం కొత్తవీధి వైపు ఇల్లరికం వెళ్ళాడని చెప్పి, "తమకేటి పనండి ఆడితోటి?" అన్నాడు. ఒక బాకీ ఉన్నదన్నాను. డబ్బు బాకీ అనుకుని, ఇన్నేళ్ళకు వెతుక్కుంటూ వచ్చి ఇచ్చేవారు కూడా ఉన్నారా అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పును కాదనలేకపోయాను. వస్తుంటే తీగలకు వేళ్ళూనిన పిల్లమొక్కలు అయిదు పెకలించి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు.

ఆ అయిదూ ఫిబ్రవరి, మార్చిలలో మా మేడమీద పూసి పదకొండు పండ్లిచ్చాయి. పావు పంటను పిగిలిపిట్టలు తిన్నాయి, అది లెక్కలో చేర్చలేదు. వేసవిలో పచ్చని నీడవల కింద పెట్టినా తల్లిమొక్కలలో మూడు ఎండిపోయాయి. పోయేలోగా తీగలు వేసి ఏడు పిల్లలను నిలబెట్టాయి. ఆ పిల్లలు పుట్టినది గాజువాకలో. 2024 అక్టోబరులో కొత్తమట్టిలోకి మార్చాను. డిసెంబరు వచ్చేసరికి మిగిలిన తల్లులు రెండూ, పిల్లలు ఏడూ అరచేతులంతేసి ఆకులు వేశాయి. మొగ్గ ఒక్కటి లేదు. లంబసింగి రాత్రిని నేను ఎక్కడి నుండి తేగలను?

చేపల బజారులో వాడే థర్మకోలు పెట్టె ఒకటి సంపాదించాను. రాత్రి ఎనిమిదింటికి రెండు కుండీలను అందులో దించి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు నాలుగు చుట్టూ పేర్చి మూత వేయడం, ఉదయం ఆరింటికి తీసి ఎండలో పెట్టడం. ఫ్రిజ్‌లో కూరలకు చోటు లేకుండా పోయిందని, పెట్టె నుండి నీచువాసన వస్తున్నదని రెండు ఫిర్యాదులు వచ్చాయి. "ఏవండీ, దుప్పటి కూడా కప్పుతారా?" అని మా ఆవిడ అడిగింది. ఇరవై ఆరు రాత్రులు మానకుండా చేశాను. జనవరి నెలాఖరున ఆ రెండింటిలో ఒకటి మూడు మొగ్గలు వేసింది. ఇది పెట్టె చలువా, లేక ఆ వారంలో సహజంగా పడిన చలా అని శాస్త్రజ్ఞులెవరైనా నిలదీస్తే నా దగ్గర సమాధానం లేదు. పెట్టెలో పెట్టని ఏడింటిలో ఒకటి కూడా పూయలేదని మాత్రం చెప్పగలను.

మూడు మొగ్గలలో రెండు పండ్లయినాయి. ఒకటి నా కుంచె సరిగా తిరగక వంకరపోయింది. రెండవది నిండుగా వచ్చింది. దానిని కోసి పళ్ళెంలో పెట్టి మా ఆవిడకు ఆ వ్యాసం సంగతి మొదటిసారి చెప్పాను. పెళ్ళై నలభై ఏళ్ళు కావస్తున్నా అంతవరకు చెప్పలేదు. ఆమె అంతా విని, "రెండు మార్కులకేం లెండి, చదివి నవ్వించారు చూడండి" అన్నది. పండు సగం చేసి ఇచ్చింది.

చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు బడులలో పనిచేసిన మిత్రులెవరైనా ఇది చదివితే నాకొక లేఖ వ్రాయండి. ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మీకు విడిగా తెలుపుతాను. రాబోయే జనవరిలో మళ్ళీ వెళ్ళాలని ఉన్నది. ముందు ఆ కాఫీ పని చేసే ఆయన ఇంటికి, ఆయన కాకపోతే ఇల్లరికపు ఆయన ఇంటికి. పోయినాడన్న మూడవ ఆయన ఇంటికి కూడా వెళ్ళవలసి ఉంటుంది. వెళ్ళి ఏమి చెప్పాలో ఇంకా కుదరలేదు. ఈలోగా వానలు పడ్డాయి. పీపాలు రెండూ నిండాయి.